మిష్రిఫ్ అటక మీద ఆటగాడు

టీవీలో ఆ మనిషి రెండు జెండాలు పట్టుకుని ఊపగానే నేను కుర్చీలోంచి లేచి "ఆరూ!" అని అరిచాను. మా తమ్ముడి మనవళ్లిద్దరూ క్రికెట్ కోసం ఛానళ్లు తిప్పుతూ ఆ ఆట దగ్గర ఒక్క నిమిషం ఆగారు, అంతే. పొట్టి నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, కోడిగుడ్డులా సాగిన బంతి, ఒకరి మీద ఒకరు పడి దొర్లడం. "ఇదేం ఆట అవ్వా, రూల్సే లేవు" అన్నాడు పెద్దవాడు. లేకేం నాయనా అని మొదలుపెట్టి నాలుగు కొయ్యలు ఎందుకు నాటారో చెప్పాను. నడిమి కొయ్యల మధ్య పోతే ఆరు, పక్క సందులో పోతే గురి తప్పినా పాపమని ఒకటి ఇస్తారని చెప్పాను. బంతిని విసరకూడదు, పిడికిలితో గుద్ది అందించాలని, అందరికంటే పైకి ఎగిరి పట్టుకున్నవాడిని ఆ కాసేపు ఎవరూ ముట్టుకోకూడదని చెప్పాను. ఇంటిల్లిపాదీ నోళ్లు వెళ్లబెట్టుకుని చూశారు. పదో తరగతితో చదువాపేసి కువైట్లో గిన్నెలు తోమిన ముసలిదానికి ఆస్ట్రేలియా వాళ్ల ఆట ఎలా తెలుసని వాళ్ల ఆశ్చర్యం. ఇరాక్ సైన్యం కువైట్‌ను మింగిన నెలల్లో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నేర్చుకున్న ఆట అది. అంత భయం, అంత హుషారు ఒకేచోట నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

మాది రాజంపేట పక్కన చిన్న పల్లె. ఇరవై రెండేళ్ల వయసులో కువైట్ వెళ్లి మిష్రిఫ్‌లో ఒక అరబ్బు ఇంట్లో పనికి కుదిరాను. నాకు రాయడం వచ్చు గనక చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లందరి ఉత్తరాలూ నేనే రాసేదాన్ని. అక్కడ ఇంటి యజమానురాలిని మేం మామా అంటాం. ఆమె తల్లిని నేను పెద్దమామా అనేదాన్ని. పెద్దమామాకు కాళ్లు పడిపోయి మంచం దిగేది కాదు గానీ ఇల్లంతా ఆమె ముక్కు చెప్పినట్టే నడిచేది. తెల్లవారగానే ఏలకులు దంచి వేసిన కాఫీ వాసన ఆమె గదికి చేరాలి. తర్వాత బొగ్గుల మీద బుఖూర్ అనే సువాసన చెక్క ముక్క వేసి ఆ పొగను ఆమె దుప్పట్లకు, జుట్టుకు, తలగడ కింద దాచుకున్న రేడియోకు కూడా పట్టించాలి. పొగ ఆలస్యమైతే "రమణా, ఈ రోజు సూర్యుడికి సెలవా?" అని కేక వేసేది. నాతోపాటు ఆ ఇంట్లో పనిచేసే డ్రైవర్ కాదరన్నది రాయచోటి. శుక్రవారం పూట ఇద్దరం వంటింట్లో కూర్చుని రాగిసంగటి, శెనగ్గింజలు నూరిన ఊరిబిండి తింటుంటే ఆ వాసనకు పెద్దమామా ముక్కు చిట్లించేది, ఆపైన తనకూ ఒక ముద్ద పంపమనేది.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున సైన్యం దిగింది. అప్పటికి మామా భర్తా, కొడుకులిద్దరూ వేసవి సెలవులకని లండన్‌లో ఉన్నారు. మంచం పట్టిన తల్లిని వదలలేక మామా ఆగిపోయింది. కొన్నాళ్లకు తెల్లదేశాల వాళ్లంతా వచ్చి లొంగిపోవాలని, వాళ్లను దాచినవాళ్లకు మరణశిక్షేనని హుకుం వచ్చింది. ఆ మాట విన్న సాయంత్రమే మామా తన ఒళ్లంతా కప్పే నల్ల అబాయా, ముసుగు కాదరన్న చేతికిచ్చి కారులో ఎక్కడికో పంపింది. గంటలో కారు తిరిగొచ్చింది. వెనక సీట్లోంచి ఆరడుగుల పైచిలుకు ఆడమనిషి దిగింది. అబాయా మోకాళ్ల కిందికి కాస్త దాటిందంతే, ఆ కింద వెంట్రుకల పిక్కలు, తెల్ల కాన్వాస్ బూట్లు. పొట్ట ముందుకు పొడుచుకొచ్చి ఉంది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. "చెక్‌పోస్టులో ఆపినారు మే. కడుపుతో ఉండాది, ఆస్పత్రికి తీసకపోతాండానని చెప్పినా. పాపం, ఆ సిపాయి దారి కూడా చూపించినాడు" అన్నాడు కాదరన్న చెమట తుడుచుకుంటూ. ముసుగు తీస్తే అతను బారీ, మామా కొడుకులకు క్లబ్బులో వ్యాయామం నేర్పే ఆస్ట్రేలియా మాస్టారు. పొట్ట తీస్తే ఎర్ర తోలు బంతి.

వంటింటి వెనక సరుకుల గది పైన ఏసీ గొట్టాలు పోయే అటక ఉండేది. పైకప్పులో చదరపు సందు, దానికి చెక్క మూత. నిచ్చెన కనిపిస్తే పైన ఏదో ఉందని మనమే చెప్పినట్టు అవుతుందని మామా దాన్ని ముక్కలు చేయించి పొయ్యిలో పెట్టించింది. అందుకని వీధిలో చప్పుడైతే కాదరన్న రెండు చేతుల వేళ్లూ అల్లి కిందికి పట్టేవాడు. బారీ అందులో కాలు పెట్టేవాడు, కాదరన్న పైకి విసిరేవాడు, బారీ అంచు పట్టుకుని లోపలికి పాకి మూత వేసుకునేవాడు. పొద్దునా సాయంత్రం ఇదే కసరత్తు. మొదటిరోజు అతను ఎక్కేలోపు నేను రెండు ఉల్లిపాయలు తరిగాను. పది రోజులకు ఒక కోడిగుడ్డు పగలగొట్టేంత సేపట్లో మూత పడిపోయేది. కాదరన్న మాత్రం రోజూ గొణిగేవాడు. "చేతులు ఊడిపోతాండాయి సామీ. నా వీపు మింద కాలు పెట్టి ఎగురు, ఇద్దరికీ సులువు" అని వంగి చూపించేవాడు. బారీ ఎన్నడూ ఒప్పుకోలేదు. "లా, లా" అని తల అడ్డంగా ఊపి మళ్లీ చేతులే పట్టమనేవాడు. మోకాలి దెబ్బతో ఆట మానేశానని అతనే చెప్పాడు గనక, ఎగరలేక కాబోలు అనుకున్నాం.

ఒకప్పుడు అతను చేసిన ఉద్యోగమే ఆ ఆట. ఈ సంగతి మొదట కాదరన్నకు మింగుడు పడలేదు. "బంతిని తన్నేదానికి జీతమా? మా నాయిన చూసింటే నన్ను బడికి పంపించేవాడే కాదు" అన్నాడు. నాకొచ్చిన వంటింటి అరబ్బీ, బారీకొచ్చిన క్లబ్బు అరబ్బీ, మధ్యలో ఇంగ్లీషు ముక్కలు కలిపి ఆ కథంతా విన్నాం. వాళ్ల ఊరు గోధుమ పొలాల మధ్య చిన్న ఊరట. తండ్రి గొర్రెలకు బొచ్చు కత్తిరించేవాడు. పద్దెనిమిదో ఏట మెల్‌బోర్న్ క్లబ్బు మనిషి వచ్చి వాళ్లమ్మ చేసిన మటన్ తిని, సంతకం పెట్టించుకుని తీసుకుపోయాడట. అప్పట్లో ఆట జీతం ఒక్కటీ చాలేది కాదు. పగలంతా ఇళ్లకు గ్యాస్ గొట్టాలు బిగించి, సాయంత్రం బురదలో పరిగెత్తి, శనివారం వేలమంది అరుస్తుంటే ఆడేవాడట. గొట్టం బిగించడానికి వెళ్లిన ఇంటివాళ్లు పోయిన వారం ఓడిపోయారని తలుపు తీయకుండా తిట్టేవాళ్లట, గెలిస్తే కేకు పెట్టేవాళ్లట. ఒకసారి బంతి ఆకాశంలోంచి దిగుతుంటే పరిగెత్తుకొచ్చి, ముందున్నవాడి వీపు మీద మోకాలు ఆనించి, మనిషెత్తు పైకి లేచి రెండు చేతులా పట్టుకున్నాడట. ఆ ఫోటో అన్ని పేపర్లలోనూ వచ్చిందట, పిల్లలు కత్తిరించి గోడలకు అంటించుకున్నారట. ఆ తర్వాత ఏమైందని అడిగితే "రెండేళ్లు ఆడాను. మోకాలు. ఖలాస్" అని లేచి గ్లాసులు కడగడం మొదలుపెట్టేవాడు.

పొద్దస్తమానం బూట్ల చప్పుడుకు చెవులు రిక్కించి కూర్చుంటే పిచ్చెక్కుతుంది. అందుకని పెద్దమామా గదిలో ఆట మొదలైంది. గోడలకు చెవులుంటాయని తోలు బంతిని బియ్యం బస్తాలో దాచేసి, మేజోళ్లు చుట్టి గుడ్డ బంతి చేశాం. గోడకు ఆనించిన నాలుగు చీపుళ్లే కొయ్యలు. ఒక జట్టు మామా, కాదరన్న, ఇంకో జట్టు నేను, బారీ. నలుగురం వట్టి కాళ్లతో, నోరెత్తకుండా, గుసగుసలుగా అరుచుకుంటూ ఆడేవాళ్లం. అంత దొరసాని మామా అబాయా నడుముకు దోపి నా జడ పట్టి లాగింది! పెద్దమామా మంచం మీది నుంచే తీర్పరి. ఆరు వస్తే రెండు తెల్ల చేతిగుడ్డలు ఊపేది, ఒకటి వస్తే ఒకటే. అల్లుడి మీది కోపమో ఏమో, సొంత కూతురి జట్టుకు ఆరు వచ్చినా ఒక గుడ్డే ఊపి "తప్పింది, నేను చూశాను" అని పొగచూరిన వేళ్లతో ప్రమాణం చేసేది. కాదరన్న "ముసలామె లంచం తినింది" అని నేల మీద పడి నవ్వేవాడు. ఊరంతా తగలబడుతుంటే మేం కడుపు పట్టుకుని నవ్వామంటే మీరు నమ్మరు. నేనూ ఇప్పుడు తలచుకుంటే నమ్మలేను.

ఇంతలో దసరా వచ్చింది. మా సీమలో ఆయుధపూజ నాడు కొడవలి నుంచి కుట్టుమిషను దాకా పనిముట్టు ఏదైనా కడిగి పసుపు పూసి బొట్టు పెట్టాల్సిందే. అది తప్పితే ఆ ఏడంతా పని కలిసిరాదు. కువైట్లో కూడా నేను మానలేదు. నా గదిలో మూలన వంటకత్తి, ఇస్త్రీపెట్టె, ఉత్తరాలు రాసే కలం పెట్టుకునేదాన్ని. మామా చూసీ చూడనట్టు పోయేది. కాదరన్న తురకాయనే అయినా కారు తాళం తనే తెచ్చిచ్చేవాడు, రాయచోటి లారీ డ్రైవర్లందరికీ అలవాటేలే మే అని. ఆ ఏడు నాకు బారీ గుర్తొచ్చాడు. పని పోగొట్టుకుని అటకెక్కిన మనిషి, అతని పనిముట్టుకు పూజ లేకపోతే ఎలా? బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి బంతి తీశాను. కాదరన్న చూసి గుడ్లురిమాడు. "లోపల పెట్టు మే. ఆ బంతి ఎవరన్నా చూస్తే తెల్లోడు ఉండాడని చెప్పినట్టే. ఆ మనిషికి లేని పట్టింపు నీకేంది? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. "ఒక్క గడియ పెట్టి తీసేస్తాలేన్నా" అన్నాను. అతను తిట్టుకుంటూ రొట్టెల క్యూలో నిలబడడానికి వెళ్లిపోయాడు. నేను బంతిని నిలువుగా ఇత్తడి చెంబు మూతి మీద నిలబెట్టి, తోలు కనబడకుండా పసుపు పూసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, పెరట్లోని కాగితంపూలు చుట్టాను. హారతి వెలిగిస్తుండగా వీధి తలుపు దబదబ మోగింది.

హారతి అక్కడే పెట్టేసి లేచాను. మామా "వస్తున్నా, ముసలామెకు గుడ్డ మారుస్తున్నా" అని అరబ్బీలో కేకలు పెడుతూ కావాలనే ఆలస్యం చేస్తోంది. బారీ సరుకుల గదిలోకి పరిగెత్తాడు. నేనూ వెనకే పరిగెత్తాను. కాదరన్న లేడు. చేతులు అల్లి పట్టాను. బారీ పాదం పెట్టగానే నా వేళ్లు విడిపోయాయి. బియ్యం బస్తాలు లాగి మెట్టులా వేద్దామంటే సిపాయిలు లోపలికొచ్చేలోపు వాటిని తిరిగి సర్దేదెవరు? ఇక ఒకటే దారి. పిల్లలు ఒంగుడు దూకుడు ఆటలో వంగినట్టు మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి, ఎక్కమన్నాను. బారీ కదల్లేదు. తల తిప్పి చూస్తే మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "లా... లా..." అంటూ వెనక్కి, గోడకు అతుక్కుపోయాడు. తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది. అతను దొరికితే ముందు చచ్చేది మామా. అంతే, నాకు తెలిసిన అరబ్బీ, ఇంగ్లీషు అన్నీ ఎగిరిపోయాయి. "నీ మోకాలు మన్నుగాను! ఎక్కుతావా ల్యాదా? మామాను కాల్చి పారేస్తారు సామీ! ఎక్కు! యల్లా!" అని పళ్ల మధ్య నుంచి కసిరాను. బారీ కళ్లు మూసుకుని తెరిచాడు. మూడంగలు పరిగెత్తాడు. నా వెన్ను మీద బండ పడినట్టయింది, మరుక్షణంలో బరువే లేదు. తలెత్తేసరికి మూత పడి ఉంది. నలభై అయిదేళ్ల మనిషి! చప్పట్లు కొట్టాలనిపించింది, ఊపిరి ఆడితే కదా.

సిపాయిలు ముగ్గురు. బీరువాలు తెరిచారు, పరుపులు ఎత్తారు, ఖర్జూరాల డబ్బా ఒకటి చంకలో పెట్టుకున్నారు. పెద్దమామా వాళ్లలో పెద్దవాణ్ని పట్టుకుని "ఎవరి బిడ్డవు నువ్వు? మీ అమ్మకు ఉత్తరం రాశావా?" అని ఆరా తీస్తుంటే అతను వంగి మంచం కింద వెతకడం మొదలుపెట్టాడు. మూతిమీద మీసం కూడా సరిగా రానివాడు నా గదిలోకి వచ్చి మూల దగ్గర ఆగిపోయాడు. "శినూ హాదా?" అన్నాడు తుపాకీ మొనతో చూపిస్తూ. ఏంటిది అని. నేను దాని ముందు చతికిలబడి చేతులు జోడించాను. ఇది మా పూజ, ఇవాళ మా పండగ, ముట్టుకోకూడదు అని వచ్చిన ముక్కల్లో చెప్పాను. వణుకు నటన కాదు గనక బాగానే పండింది. అతను పసుపుముద్దను చూశాడు, కుంకుమ చూశాడు, హారతి చూశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, పాపం, నాకు క్షమాపణ చెబుతున్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "హిందీ, హిందీ" అని తోటివాళ్లకు చెప్పి బయటికి నడిచాడు. ఇండియా వాళ్లను అక్కడ అలాగే అంటారు. వాళ్ల జీపు వీధి మలుపు తిరిగేదాకా నేను లేవలేదు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ బంతిని బయటపెట్టింది నేనే. దానికి పసుపు పూయకముందు వాళ్లు వచ్చుంటే మా అందరి నెత్తురూ నా చేతికే అంటేది. దేవుడు కాపాడాడని కాదరన్న అన్నాడు, దేవుడో, ఆ కుర్రవాడి మర్యాదో నేను చెప్పలేను.

బారీ కిందికి దూకగానే మామాను చూడలేదు, బంతిని అడగలేదు. నా దగ్గరికొచ్చి నడవమన్నాడు. నడిచాను. వంగి కాలివేళ్లు ముట్టుకోమన్నాడు. ముట్టుకున్నాను. మళ్లీ, మళ్లీ ముట్టుకోమన్నాడు. "ఈయనకేమైంది మామా" అంటే మామాకూ అర్థం కాలేదు. అప్పుడతను బస్తా మీద కూలబడి, ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. తన మోకాలికి ఏ జబ్బూ లేదన్నాడు. పేపర్లన్నింటిలో పడిన ఆ ఫోటోలో తన కింద ఉన్నవాడు ఆ రోజు పడినవాడు పడినట్టే ఉండిపోయాడట. వెన్ను విరిగింది, మళ్లీ కాళ్ల మీద నిలబడలేదు. ఆట చట్టం ప్రకారం బారీ తప్పేమీ లేదన్నారు, ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడట, మళ్లీ వెళ్లలేదట. ఆ తర్వాత ఆడిన రెండేళ్లలో బంతి పైనుంచి దిగిన ప్రతిసారీ అతని పాదాలు నేలకు అంటుకుపోయేవట. జనానికి చెప్పడానికి మోకాలు దొరికింది. ఊళ్లో పిల్లల గోడల మీద తను ఎగురుతూనే ఉన్నాడని, అక్కడ ఉండలేక దేశం వదిలి వచ్చానని చెప్పాడు. మామా ఏడుస్తోంది. "నేను లేచినా గదా సామీ, సూడు" అని లేచి, గుండ్రంగా తిరిగి, గుమ్మం పైకమ్మీ అందేదాకా ఎగిరాను. అతనికి తెలుగు రాదు. అయినా ముఖం తుడుచుకుని నవ్వాడు.

రెండు వారాల తర్వాత మామాయే పట్టుబట్టి నన్ను, కాదరన్నను మనవాళ్ల బస్సుల్లో ఎక్కించింది. బస్రా, బాగ్దాద్, అమ్మాన్ దాటి ఇల్లు చేరేసరికి మా అమ్మ నన్ను తడిమి తడిమి చూసింది, మూడు నెలలుగా కబురు లేదు మరి. ఇప్పుడు మా పల్లె నుంచి వెళ్లే ఆడపిల్లలు విమానం దిగకముందే ఫోనులో కనిపిస్తారు, రాత్రి ఏం వండారో కూడా చూపిస్తారు. సంతోషమే. కానీ ఎదుటి మనిషి లోపల ఏం దాచుకున్నాడో ఏ ఫోనూ చూపించదు. ఒకే కప్పు కింద చావుకు భయపడుతూ కూర్చున్న మాకే అది తెలియడానికి అన్నాళ్లు పట్టింది. చలికాలంలో తెల్లవాళ్లందరినీ వదిలేశారని రేడియోలో విన్నప్పుడు వీధిలో అందరికీ బెల్లం పంచాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మరుసటేడు మామిడికాయల రోజుల్లో ఆస్ట్రేలియా స్టాంపు అంటించిన ఉత్తరం వచ్చింది. ఎందరికో ఉత్తరాలు రాసినదాన్ని, నా ఉత్తరం నేను చదువుకోలేక బడిలో ఇంగ్లీషు అయ్యవారి దగ్గరికి పరిగెత్తాను. బారీ ఇల్లు చేరిన వారానికే వెన్ను విరిగిన ఆ మనిషి ఊరు వెతుక్కుంటూ వెళ్లాడట. తలుపు కొట్టి, పారిపోదామా అని వెనక్కి తిరిగేలోపు తలుపు తెరుచుకుందట. చక్రాల కుర్చీలో ఉన్న ఆయన బారీని కిందినుంచి పైదాకా చూసి, "ఆ రోజు బంతికి ముందు తగిలింది నా వేళ్లే. ఆ మాట నీ ముఖాన చెబుదామని ఇన్నేళ్లుగా కాచుకుని ఉన్నాను. రా లోపలికి" అన్నాడట. చీకటి పడేదాకా ఇద్దరూ బంతి ఎవరిదని పోట్లాడుకున్నారట.